వెనకపూత

బంగారు పలకకు ముందువైపు ఎంత మీనా, అంటే నిప్పులో కరిగించే రంగు గాజు, వేస్తారో వెనకవైపు కూడా అంత వెయ్యాలి. వెయ్యకపోతే కొలిమిలోంచి తీసి చల్లార్చేటప్పుడు పలక మెలి తిరిగి, ముందున్న రంగంతా పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ఈ మాత్రం సంగతి నగల పనివాళ్ల పేట మా క్లార్కెన్‌వెల్‌లో పాలు పోసేవాడికి కూడా తెలుసు. వెనకది ఎవరూ చూడరు కాబట్టి, రోజంతా నూరగా మిగిలిన అడుగూబొడుగూ రంగులన్నీ కలిపి దానికి పూసేస్తారు. అది బురద రంగులోకి తిరుగుతుంది. తిరిగితే తిరగనీ, అడిగేదెవరు?

అలాంటి వెనకపూతకు లవీనియా పీక్ తన సొంతానికి కొనుక్కున్న మేలురకం ఆకుపచ్చ గాజు నూరి వేస్తోంటే, పెట్టెలు మోసే గడ్జమ్మ నోరు వెళ్లబెట్టింది.

"ఇదేం విడ్డూరమే తల్లీ! గోడకానించే బీరువాకి వెనకవైపు పాలిష్ పెట్టేదాన్ని నిన్నే చూస్తున్నా."

"నా గాజు, నా ఇష్టం" అంది లవీనియా తల ఎత్తకుండా.

"ఇష్టాలకేమొచ్చె! నాకూ రోజూ బాతు రోస్టు తినాలనే ఉంటుంది. ఇంతకీ పెట్టె ఇస్తావా, పొమ్మంటావా? ఈ మెట్లెక్కి దిగేసరికి నా మోకాళ్లు నావి కాకుండా పోతున్నాయి."

లవీనియా నవ్వి మళ్లీ గాజు నూరుకుంది. ఏమని చెబుతుంది? ఆ ఆకుపచ్చ కింద, భూతద్దం పెడితే తప్ప కనపడనంత సన్నని అక్షరాల్లో, 'కిటికీలో నల్లపిట్ట కూసింది' అని ఒక మగవాడు తనకు రాశాడనా? ఆ మాట మీద బురద పొయ్యడానికి చేతులు రాలేదనా? చెప్పిందే పాపం, గడ్జమ్మ మెట్లు దిగేలోపే ఆ సంగతి వీధి చివర పొయ్యిలో బంగాళాదుంపలు కాల్చేవాడి దాకా పోతుంది.

లవీనియాకు నలభై దాటాయి. స్పర్లింగ్ సందులో ఆఖరి అంతస్తు గది ఆమెది. ఉత్తరపు కిటికీ, దాని కింద పని బల్ల, మూల కొలిమి, తెర వెనక మంచం. మీనా పని తండ్రి దగ్గర నేర్చుకుంది, ఆయన పోయాక ఆయన ముక్కాలిపీట మీదే కూర్చుంది. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి దానంతటదే వెళ్లిపోయింది. ఆమె పనికి వంక పెట్టినవాడు లేడు. పదిమందిలో మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. చాపెల్‌లో పాట కూడా పెదవులు కదిపి పాడాననిపించుకునేది.

పని ఇచ్చేది టిడ్‌మార్ష్ గారు. పెద్దవీధిలో నిలువెత్తు అద్దాల కొట్టు ఆయనది. నగలన్నీ అక్కడే అమ్ముతాడు గాని, అక్కడ తయారయ్యేది ఒక్కటీ లేదు. ఒకడు పలక సాగదీస్తాడు, ఒకడు దాని మీద నగిషీ చెక్కుతాడు, లవీనియా మీనా వేస్తుంది, ఇంకొకడు రాళ్లు పొదుగుతాడు. ఎవరి గదిలో వాళ్లు. ఒకరి మొహం ఇంకొకరికి తెలియనివ్వడు మహానుభావుడు. తెలిస్తే అందరూ ఏకమై సొంత కొట్టు పెట్టేస్తారని ఆయన బెంగ. అందుకే పెట్టెలు మోసేవాళ్లు కూడా ఒక్కో పనివాడికి ఒక్కొక్కరు. గడ్జమ్మకు టిడ్‌మార్ష్ కొట్టు తెలుసు, లవీనియా మెట్లు తెలుసు, మూడో గుమ్మం తెలియదు. పనివాళ్లు తమలో తాము మాట్లాడుకోవడమంటే ఆయన దృష్టిలో దొంగతనం కిందే లెక్క.

మరి ఆ నగిషీవాణ్ణి లవీనియా ఎలా ఎరుగును? చేతిని బట్టి. అద్దంలాంటి మీనా అయితే దాని కింద బంగారం మీద చెక్కిన గీతలన్నీ పైకి కనిపిస్తాయి. వెలుతురు లోపలికి పోయి ఆ గీతల మీద పడి తిరిగొస్తేనే రంగుకు ప్రాణం. ఎన్నో ఏళ్లుగా ఒకే చెయ్యి చెక్కిన పలకలు ఆమెకు వస్తున్నాయి. ఆ చెయ్యి ఆకులన్నిటినీ రవ్వంత ఎడమకు వంచుతుంది, గాలి అటే వీస్తున్నట్టు. ప్రతి ఆకు నడుమా, కాగితం మీది బొమ్మలో లేని ఈనె ఒకటి, వెంట్రుక కంటే సన్నంగా తీసి ఊరుకుంటుంది. ఎవరడిగారయ్యా ఆ ఈనెను? ఎవరూ అడగలేదు. అడక్కుండా తీశాడనే లవీనియాకు ఆ మనిషి మీద మనసు పోయింది. మొదట్లో పెళ్లీ గిళ్లీ ఏమీ అనుకోలేదు. ఒక్కసారి ఎదురుగా నిలబడి, నేను చూశానని చెప్పాలి. అంతకంటే ఏమీ వద్దనుకుంది.

చెప్పడం ఎలా? పలక అతని దగ్గర నుంచి ఈమెకు వస్తుంది, ఈమె దగ్గర నుంచి రాళ్లు పొదిగేవాడికి పోతుంది. వెనక్కి వెళ్లే దారే లేదు. ఉన్నదల్లా ఒక్కటే. పని చెడాలి.

మొదటిసారి నిజంగానే చెడింది. ఊరంతా పొగమంచు కమ్మిన రోజుల్లో, కంటికి ఏదీ ఆనక, గాజుపొడి సరిగ్గా కడగలేదు. కొలిమిలో పొక్కులు లేచాయి. అలాంటప్పుడు గాజును తినే ఆమ్లాన్ని సీసపు గిన్నెలో పోసి పలకను నానబెడతారు. రంగంతా పోతుంది, బంగారం మిగులుతుంది. కాని గీతల్లో తళుకు చచ్చిపోతుంది. అప్పుడు పలక మళ్లీ నగిషీవాడి దగ్గరికి పోవాలి, అతను ప్రతి గీతనూ ఉలితో మళ్లీ తీసి తళుకు తెప్పించాలి. టిడ్‌మార్ష్ గారు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి మరీ చీవాట్లు పెట్టాడు. లవీనియా తలొంచుకుని విన్నది. ఆయన దిగిపోయాక తలుపు గడియ వేసి, పలక తిప్పి, వెనక అంచున సూదితో గీసింది: 'ఆకులో ఈనె చూశాను.'

కొన్నాళ్లకు ఆ పలకే తిరిగొచ్చింది. ఆమె పిచ్చి గీతలు లేవు, సాపు చేసేశాడు. ఆ చోట ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఎవరూ చూడరనుకున్నా. ఎవరు నువ్వు?'

ఆ రోజు లవీనియా కొలిమి వెలిగించలేదు. టీ చల్లారిపోయింది, రొట్టె ఎండిపోయింది, ఆమె మాత్రం ఆ మాటలే చదువుకుంటూ కూర్చుంది. లోకంలో తనను ఎవరు నువ్వని అడిగినవాళ్లు అంతకుముందు లేరు. మర్నాడు వాటి మీద తనే వెనకపూత వెయ్యాల్సి వచ్చింది. వేస్తుంటే ఏడుపొచ్చింది.

జవాబు చెప్పాలి కదా! చెప్పాలంటే ఇంకో పని చెడాలి. ఈసారి దానంతటది చెడలేదు. చిన్న బ్రోచ్ ఒకటి చూసుకుని, పొడిలో కావాలనే ఇంత సబ్బునీళ్లు కలిపింది. బుడగలు లేచాయి. వెనక గీసింది: 'ఆడదాన్ని. లవీనియా. రాస్తూ ఉండు.'

టిడ్‌మార్ష్ గారు ఒంటికాలి మీద లేచాడు. "మిస్ పీక్! మీ నాన్న మొహం చూసి ఊరుకుంటున్నా. ఊళ్లో మీనా వేసేవాళ్లు కరువై నీ దగ్గరికి రావట్లేదమ్మా నేను. ఇంకొక్క పలక చెడిందో, ఈ మెట్లు నా పెట్టె ఎక్కదు. తెలిసిందా?"

"తెలిసిందండీ."

"ఏం తెలుసో ఏమో! మీకేం, కొనేవాళ్ల ముందు చేతులు నులుముకునేది నేను కదా."

బ్రోచ్ తిరిగొచ్చింది. దాని వెనక రెండే మాటలు: 'గిడియన్. అలాగే.'

అలాగే అన్నవాడు అన్నట్టే రాస్తూ వచ్చాడు. వచ్చిన ప్రతి పలక వెనకా ఏదో ఒకటి. 'ఇవాళ ఒళ్లంతా నొప్పులు.' 'రొట్టె మాడ్చుకున్నా.' 'ఈ ఆకులు నీకు నచ్చుతాయి.' ఉత్తి మాటలు, పొద్దున్నే పక్కింటివాళ్లతో అనుకునేలాంటివి. ఇంటి గుర్తు మాత్రం రాయడు. పిట్ట కూసిందని రాసి పట్టుబడితే పనివాడి పిచ్చి అని నవ్వి వదిలేస్తారు. వీధి పేరు రాసి పట్టుబడితే ఇద్దరి పొట్టా పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా ఆమె ప్రతి పలకా గుండె చిక్కబట్టుకుని తిప్పి చూసేది, ఈసారైనా రాశాడేమోనని. చదవడం, మళ్లీ చదవడం, ఆపైన రంగు నూరుకుని ఆ మాటను పూడ్చిపెట్టడం. అతని మాటలన్నీ పూతల కింద దాగి, గొప్పింటి ఆడవాళ్ల గుండెల మీద విందులకూ నాటకాలకూ తిరుగుతున్నాయి. ఒకసారి వీధిలో బగ్గీలో పోతున్న ఒకావిడ మెడలో తను వేసిన లాకెట్ కనిపించింది. దాని వెనక 'లవీనియా, చలి జాగ్రత్త' అని ఉంది. ఆవిడకేం తెలుసు! లవీనియా బగ్గీ వెంట మలుపు దాకా పరిగెత్తి, రొప్పుతూ నిలబడిపోయింది.

వెతక్కుండా కూర్చుందనుకునేరు. నోట్లో నాలుక లేని మనిషి, సిగ్గు విడిచి, గిడియన్ అనే నగిషీవాణ్ణి ఎరుగుదురా అని కనిపించినవాళ్లనల్లా అడిగింది. క్లార్కెన్‌వెల్‌లో నగిషీవాళ్లకు కొదవా? చివరికి ఒక గిడియన్ దొరికాడు. శవపేటికల మీద పేరు పలకలు చెక్కుతాడట. ఈమె వెతుక్కుంటూ వచ్చిన తీరు చూసి సంబంధం కోసమే వచ్చిందనుకున్నాడు పాపం. మర్నాడు తెల్లగా ఉతికిన కాలరుతో, ఒక పెద్ద హామ్ ముక్క పట్టుకుని మెట్లెక్కాడు. గడ్జమ్మకు ఆరు నెలలకు సరిపడా నవ్వు దొరికింది.

"కట్టుకోవే తల్లీ, చావు ఖర్చు కలిసొస్తుంది!"

"పో గడ్జమ్మా, నీకన్నీ వేళాకోళాలే."

"మరి ఎవణ్ణే నువ్వు వెతుకుతున్నది? నాకు చెప్పవూ?"

లవీనియాకు ఆ పూట నోరు జారినంత పనైంది. "టిడ్‌మార్ష్ గారి నగిషీవాడికి పెట్టెలెవరు మోస్తారో కనుక్కుంటావా, పుణ్యముంటుంది" అంది.

గడ్జమ్మ మొహంలో నవ్వు పోయింది. "ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు. కొట్లో నేను దొడ్డిదారిన వస్తాను, దొడ్డిదారిన పోతాను, ఎదురొచ్చినవాడి మొహం చూడను. చూశానని తెలిస్తే నన్ను వీధిలో నిలబెడతాడు. ఈ వయసులో నన్ను చేరదీసేవాళ్లెవరు చెప్పు?"

అంతటితో ఆ దారీ మూసుకుపోయింది.

రాణిగారు మొగుణ్ణి పోగొట్టుకుని నల్లబట్టలు కట్టింది మొదలు ఊరంతా నల్లమీనా కోసమే ఎగబడుతోంది. నల్లమీనా కింద ఎంత చెక్కినా ఒకటే, గీత కనపడదు. ఆ చలికాలం చివర్లో మాత్రం ఎవరో పెద్దింటి పెళ్లికూతురికని నీలం పతకం ఒకటి వచ్చింది. లవీనియా పెట్టె మూత తీసి, అలాగే పీట మీద కూలబడింది. అరచేతిలో సగం లేని పలక. దాని నిండా ఐవీ తీగలు, ఫెర్న్ ఆకులు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, మొత్తం తోటలోకి గాలి జొరబడినట్టుంది. ఏ ఆకులోనూ ఈనె తప్పలేదు. ఇన్నేళ్లలో అతను ఇలాంటిది చెక్కలేదు. ఇంకెవరూ చెక్కలేదని ఆమె ఒట్టేసి చెప్పగలదు.

పలక వెనక్కి తిప్పి భూతద్దం పెట్టింది. అక్షరాలు మునుపటిలా లేవు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 'కళ్లు పోతున్నాయి. ఇదే ఆఖరు. ఈస్టర్‌కి చెల్లెలి ఊరు పోతా. ఉండమంటే దీన్ని వెనక్కి పంపు.'

ఓరి నీ అసాధ్యం కూలా! ఏం అడుగుతున్నావో తెలిసే అడుగుతున్నావా?

తెలిసే అడిగాడు. వెనక్కి పంపడమంటే పాడుచెయ్యడం. పాడుచేస్తే గీతల తళుకు చస్తుంది. చచ్చిన తళుకును మళ్లీ లేపడానికి ఆ కళ్లు ఇక పనికిరావు. తన చేతుల్లోంచి వచ్చినవాటిలోకెల్లా గొప్పదాన్ని ఆమె చేతికిచ్చి, నేను కావాలంటే దీన్ని పగలగొట్టు అంటున్నాడు. లవీనియాకు అతని మీద కోపం వచ్చింది, పట్టరాని ప్రేమా వచ్చింది. తన కూడు పోతుందన్న సంగతి ఆమెకు చాలాసేపటికి గాని గుర్తు రాలేదు.

నగిషీలో లోపముందని అబద్ధమాడి పంపొచ్చుగా అంటారా? ఆ పలకను టిడ్‌మార్ష్ గారు పూటంతా తన బల్ల మీద పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చూపించి మరీ పంపాడట. ఏ లోపమని చెబుతుంది?

పాడుచెయ్యాల్సిందే అయినా ముందు చెయ్యాల్సినట్టు చేసి కళ్లారా చూసుకుంటాననుకుంది. అలా అనుకోవడంలో కొంత దొంగ బుద్ధి కూడా ఉంది. పని పూర్తయితే ఇక మనసొప్పదని ఆమెకు తెలుసు. ముందుగా వెనక అంచున, అతని మాట పక్కనే సూదితో గీసింది: 'ఉండు. స్పర్లింగ్ సందు, పైగది.' దాని మీద ఆకుపచ్చ పూత పోసింది. ఆమ్లం గాజును తింటుంది గాని బంగారాన్ని ముట్టదు. పగలగొడితే ఆ మాట అతనికి చేరుతుంది. పగలగొట్టకపోతే ఇద్దరి మాటలూ ఒకే రంగు కింద, పక్కపక్కన, ఎవరో తెలియని పెళ్లికూతురి మెడలో ఎప్పటికీ ఉండిపోతాయి. అదీ బాగానే ఉందనిపించింది ఒక క్షణం. అంత భయపడింది పాపం.

నీలం గాజును నూరింది, నీళ్లు తేటపడేదాకా కడిగింది, బాతు ఈక మొనతో ఒక్కో ఆకు సందులోకీ దించింది. ఆరబెట్టి కొలిమిలో పెట్టింది, తీసింది, మళ్లీ పొర వేసింది. అలా నాలుగైదు పొరలు. ఆఖరిసారి రాతితో సాపు చేసి, మెరుపు కోసం నిప్పుకు చూపించి తీసి, ఇనప జల్లెడ మీద పెట్టింది. చల్లారుతున్న కొద్దీ నీలం పైకొచ్చింది. లవీనియా దాన్ని పట్టుకారుతో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కొంచెం వంచింది.

ఆకులన్నీ ఒక్కసారి కదిలాయి.

నీలం లోపల ఎక్కడో గాలి వీచింది. ఒక ఆకు వెలిగి ఆరింది, పక్కది అందుకుంది, అంచుదాకా అలా వెళ్లి తిరిగొచ్చింది. ఇది నేను చేశాను, ఇది మేమిద్దరం చేశాం. మొహమైనా ఎరగని మనిషితో కలిసి ఇంత పని చేశాం. దీన్ని ఎలా పగలగొడతాను? ఎవరైనా పగలగొడతారా? బిడ్డల్లేని మనిషి, బిడ్డను చూసుకున్నట్టే చూసుకుంది.

కింద మెట్ల మీద గడ్జమ్మ దగ్గు వినిపించింది. ఒక్కో మెట్టుకూ తిట్టుకుంటూ ఎక్కుతోంది. పెట్టె ఇచ్చేస్తే సరి. టిడ్‌మార్ష్ గారు మెచ్చుకుంటాడు, పెళ్లికూతురు మురిసిపోతుంది, పని ఉంటుంది, అన్నం ఉంటుంది. ఈస్టర్ తర్వాత వచ్చే పలకల మీద వేరే ఎవరి చెయ్యో ఉంటుంది. వెనక తిప్పి చూస్తే ఉత్త బంగారం ఉంటుంది.

"ఉండు గిడియన్" అంది పైకే. పతకాన్ని మళ్లీ కొలిమిలో పెట్టింది. ఎర్రబడగానే తీసి, గిరుక్కున తిరిగి, బల్ల కింద చన్నీళ్ల బకెట్లో పడేసింది.

పటపటా చప్పుడైంది. తలుపు తోసుకుని వచ్చిన గడ్జమ్మ కెవ్వున అరిచింది.

"నీ దుంప తెగ, ఏం చేశావే! చెయ్యి కాలిందా? పట్టు జారిందా? మాట్లాడవేం?"

"జారింది" అంది లవీనియా. నీళ్లలోకి చూడలేక గోడవైపు తిరిగి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

టిడ్‌మార్ష్ గారు ఈసారి అరవలేదు. అదే ఎక్కువ బాధగా తోచింది. బీటలు వారిన నీలాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు చీదుకున్నాడు. "పెళ్లికి ఇంకో నగ చూసుకోమంటాను. రంగు తీసి ఇచ్చెయ్, చెక్కినవాడి దగ్గరికి పంపుతా. బాగుచెయ్యగలిగితే అతనొక్కడే. నీకూ నాకూ ఇక చెల్లు, మిస్ పీక్. మీ నాన్న ఉంటే ఇవాళ సిగ్గుతో చచ్చేవాడు." సీసపు గిన్నెలోంచి తీసి కడిగిన పలకను ఆయన ముందువైపే చూసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిప్పి చూడాలని ఆయనకెందుకు తోస్తుంది?

ఇక ఎదురుచూపులు. పెట్టెలు రావడం ఆగిపోయింది. గడియారాలవాడొకడు జాలిపడి తెల్లపలకల మీద అంకెలు వెయ్యమని ఇచ్చాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా, మళ్లీ ఒకటి నుంచి. ఎవరు మెట్లెక్కినా కుంచె ఆగిపోయేది. రెండో అంతస్తు చెప్పులవాడు, కింద బట్టలుతికే ఆవిడ, బొగ్గులవాడు. అందరి అడుగులూ ఆమెకు కంఠతా వచ్చేశాయి. వాళ్లెవరిదీ కాని అడుగు కోసం చెవులు రిక్కించి కూర్చునేది. గుడ్‌ఫ్రైడే వెళ్లింది, వేడివేడి బన్నులు అమ్మేవాళ్ల కేకలు వెళ్లాయి, ఈస్టర్ గంటలు మోగాయి. ఎవరూ రాలేదు.

గడ్జమ్మ ఖాళీ చేతులతోనే అప్పుడప్పుడు వచ్చి, పొగపట్టిన చేప ఒకటి బల్ల మీద పెట్టి కూర్చునేది. "తిను. ఎముకలు తేలుతున్నాయి. నువ్వేదో దాస్తున్నావని నాకు తెలుసు, అడగను. అడగాలని ప్రాణం పోతోంది గాని, అడగను."

"వెళ్లిపోయి ఉంటాడు గడ్జమ్మా" అంది లవీనియా ఒకరోజు, ఉండబట్టలేక.

"ఎవడు?"

గడ్జమ్మ లవీనియా తల తన ఒళ్లోకి లాక్కుని, ఎవడో తెలియకపోయినా వాణ్ణి చెడామడా తిట్టిపోసింది. ఆ తిట్లు విని లవీనియాకు కొంత హాయిగా అనిపించింది.

చెట్లన్నీ చిగుళ్లు వేసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కొత్త అడుగు వినిపించింది. నెమ్మదిగా, గోడను తడుముకుంటూ వస్తున్న అడుగు. తలుపు దగ్గర ఆగింది. కొట్టడానికి చాలాసేపు తటపటాయించింది. లవీనియా వెళ్లి తలుపు తీసింది. యాభై దాటిన మనిషి, పొడుగరి, కళ్లకు వెలుతురు కొట్టకుండా నుదుటికి ఆకుపచ్చ అట్ట కట్టుకున్నాడు. కుడి అరచేతి మధ్యలో ఉలి పిడి చేసిన కాయ నాణెమంత ఉంది. ఆమె మొహం కాస్త పక్కకు పెట్టి చూశాడు, ఎదురుగా చూస్తే కనపడనట్టు.

"లవీనియావేనా?"

ఆమె అవునన్నట్టు తలూపింది. అది అతనికి కనపడలేదేమోనని భయం వేసి, "నేనే, నేనే" అంది గట్టిగా.

"ఆలస్యమైంది. పలక తిరిగి రావడంతోనే ఉండమన్నావని తెలిసింది. ఎక్కడికి రమ్మన్నావో చదవలేకపోయా. నీ గీతలు మరీ సన్నం. ఇంకెవరిచేతనైనా చదివిద్దామంటే నీకు ముప్పు. గోటితో తడిమి తడిమి చదివా. మొదట 'ఉండు' దొరికింది. దాంతోనే కొన్నాళ్లు గడిచిపోయాయి."

"చెల్లెలి ఊరు?"

"వెళ్లలేదు. బండికి డబ్బు కట్టి కూడా దిగిపోయా. మా చెల్లెలు ఇప్పుడు నన్ను తిడుతూ ఉత్తరాలు రాయిస్తోంది." నవ్వబోయి ఆగాడు. "టిడ్‌మార్ష్‌కి పలక తిప్పి పంపేశా, నా వల్ల కాదని. కరిగించేసి ఉంటాడు."

లవీనియా అతని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. టీ కాచింది. అతను కప్పు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"ఎలా వచ్చిందది? నీలం?"

"బాగా వచ్చింది. చాలా బాగా" అంది.

"నేనెప్పుడూ చూడలేదు."

"ఏది?"

"నా పని. రంగు పడ్డాక. ఒక్కటి కూడా. చెక్కి పెట్టెలో పెట్టేవాణ్ణి, అవి పోయేవి. తిరిగొస్తే బోడిగా వచ్చేవి. కొట్టు అద్దాల్లో చూద్దామని ఒకసారి పోతే, పనివాళ్లకు ఈ వీధిలో ఏం పనని తరిమేశాడు."

ఇన్నేళ్లూ జవాబు చెప్పలేక చచ్చిపోతున్నది తనొక్కతే అనుకుంది లవీనియా. తన సగం తను చూస్తూనే ఉంది. అతనికి ఆ సగం కూడా లేదు. ఉన్న ఒక్కదాన్నీ బకెట్లో ముంచింది తనే.

అతను కోటు లోజేబులోంచి షిల్లింగు నాణెం ఒకటి తీశాడు. ఒకవైపు అరగదీసి నునుపు చేసి, దాని మీద అడుగు నుంచి పైకి విచ్చుకునే గీతలు చెక్కాడు, పొద్దు పొడుస్తున్నట్టు. అక్కడక్కడ గీత తడబడింది. "పోయిన చలికాలం చెక్కా. పిల్లలు ప్రేమించినవాళ్లకు ఇలాంటివి ఇచ్చుకుంటారు, మన వయసులో నవ్వుతారు. వెండే, నిప్పుకు ఆగుతుంది, దళసరి కాబట్టి వెనకపూత లేకపోయినా మెలి తిరగదు. దీని మీద వేస్తావా? పక్కచూపు ఇంకా కొంచెం ఉంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు."

లవీనియా ఆకాశం వైపు చూసింది. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. ఇంకో మాట లేకుండా కొలిమిలో బొగ్గు ఎగదోసి, నీలం గాజు నూరడం మొదలుపెట్టింది. జీవితంలో అంత తొందరగా, అంత జాగ్రత్తగా ఆమె ఏ రాణిగారి నగకూ రంగు వెయ్యలేదు. నాణెం ఎర్రబడి, మెరిసి, బయటికొచ్చింది. జల్లెడ మీద అది చల్లారేదాకా ఇద్దరూ దాని వైపే తిరిగి కూర్చున్నారు. చల్లారాక అతని చేతిలో పెట్టింది.

గిడియన్ అలవాటు కొద్దీ గోటితో తడిమాడు. నున్నగా జారింది. "గీతలేవి? పోయాయా?"

"లోపలున్నాయి. కిటికీ వైపు తిప్పు."

తిప్పాడు. కంటి పక్కగా, చూపు మిగిలిన మూలకు తెచ్చుకుని, నాణెం నెమ్మదిగా వంచాడు. నీలం అడుగు నుంచి వెలుతురు లేచి గీతల వెంట పైకి పాకింది. తడబడిన చోట వణికి, మళ్లీ సాగింది. అతను ఇటు వంచాడు, అటు వంచాడు. మబ్బు కిటికీ దాకా వచ్చి, వెలుతురు మసకబారేదాకా ఆపలేదు.

"ఇన్నేళ్లూ నువ్వు చూస్తున్నది ఇదా?"

"ఇదే."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు, చిన్నపిల్లాడు నిలదీసినట్టు.

"ఎలా చెప్పను గిడియన్?" అంది లవీనియా, ఏడుపు ఆపుకోలేక. "చెప్పాలంటే దీన్ని పగలగొట్టాలి."